కోడింగ్ పోటీల్లో 1000000007 ఎందుకు?

"జవాబును 1000000007తో భాగిస్తే వచ్చే శేషం చెప్పండి" అంటారెందుకు, రౌండ్‌గా వంద కోట్లు పెట్టొచ్చు కదా అని అడిగారు. బీటెక్ రెండో ఏడాదిలో నాకూ ఇదే సందేహం వచ్చింది. పట్టించుకోకుండా కోడ్ రాసి ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను.

వంద కోట్లు పెడితే ఏమవుతుందో చూడండి. 40 ఫ్యాక్టోరియల్ (అంటే 1 నుంచి 40 వరకు అన్నింటి లబ్ధం) చివర 9 సున్నాలుంటాయి. ఇక అక్కడి నుంచి ఏ ఫ్యాక్టోరియల్ తీసుకున్నా శేషం సున్నానే. లెక్క సరిగ్గా చేసినా, తప్పు చేసినా ఒకటే జవాబు! వంద కోట్లకు 2, 5 కారణాంకాలు కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. 1000000007 ప్రధాన సంఖ్య, వంద కోట్లు దాటాక వచ్చే మొదటిది. దానికంటే చిన్న సంఖ్యల్ని ఎన్నింటిని గుణించుకుంటూ పోయినా శేషం సున్నా కాదు.

ఆ రాత్రి నేను చేస్తున్నది ఎన్‌సీఆర్ లెక్క, అంటే n వస్తువుల్లోంచి r వస్తువుల్ని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో చెప్పేది. n ఫ్యాక్టోరియల్‌ని r, n-r ఫ్యాక్టోరియల్‌ల లబ్ధంతో భాగిస్తే అది వస్తుంది. పైనున్న ఫ్యాక్టోరియల్‌కి శేషం, కిందున్న వాటికి శేషం కట్టి, పై శేషాన్ని కింది శేషంతో భాగించేశాను. చిన్న ఉదాహరణలన్నీ సరిపోయాయి. ఎందుకంటే 12 ఫ్యాక్టోరియల్ వరకు విలువ వంద కోట్ల లోపే, శేషం తీసినా మారదు. సబ్మిట్ చేస్తే మాత్రం తప్పు. ఓవర్‌ఫ్లో (సంఖ్య దాని కోసం కేటాయించిన చోటులో పట్టకపోవడం) అనుకుని తెల్లవారుజాము మూడింటి దాకా టెన్షన్ పడుతూ కోడ్ మార్చాను.

పొద్దున టిఫిన్ దగ్గర ఒక సీనియర్‌కి చూపించాను. "శేషాన్ని శేషంతో భాగించకూడదు తమ్ముడూ, విలోమంతో గుణించాలి" అన్నాడు. 1000000007 బదులు 7తో చేసి చూపించాడు. 10ని 5తో భాగిస్తే 2. 10, 5లను 7తో భాగిస్తే శేషాలు 3, 5. మూడుని ఐదుతో భాగిస్తే పూర్ణసంఖ్యే రాదు. కానీ 5ని 3తో గుణిస్తే 15, శేషం 1. అంటే ఇక్కడ 5కి విలోమం 3. ఇప్పుడు 3ని 3తో గుణిస్తే 9, శేషం 2. అసలు జవాబు వచ్చేసింది! ప్రధాన సంఖ్యల మీద నాకు ఇష్టం పుట్టింది ఆ క్షణంలోనే.

భాజకం ప్రధాన సంఖ్య అయితే సున్నా తప్ప ప్రతి శేషానికీ ఇలాంటి విలోమం ఉంటుంది. 1000000007 దగ్గర 2కి విలోమం 500000004. మిగతావాటికి గణిత శాస్త్రజ్ఞుడు ఫెర్మా 1640లో చెప్పిన సూత్రం ఉంది: సున్నా కాని శేషాన్ని ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి హెచ్చిస్తే శేషం 1. కాబట్టి రెండు తక్కువ ఘాతానికి హెచ్చిస్తే వచ్చేదే విలోమం. 1000000005 ఘాతం అంటే కంగారు పడకండి, వర్గం మీద వర్గం కట్టుకుంటూ పోతే 30 మెట్లలో అయిపోతుంది.

సైజు కూడా కలిసొస్తుంది. రెండు శేషాలు కూడినా 32 బిట్ల పరిమితి 2147483647 దాటదు, గుణించినా 64 బిట్లలో పడుతుంది. 1000000009 కూడా ప్రధాన సంఖ్యే, దాంతోనూ ఇవన్నీ జరుగుతాయి. ఒక్క జాగ్రత్త: శేషాల్ని తీసివేసినప్పుడు రుణ సంఖ్య వస్తే 1000000007 కలపడం మరిచిపోకండి.