ఇంప్లాంట్‌కు ముందు బోన్ గ్రాఫ్ట్ తప్పనిసరా? నొప్పి బాగా ఉంటుందా?

ఇంప్లాంట్ అంటే పోయిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే టైటానియం మర, బోన్ గ్రాఫ్ట్ అంటే దానికి చాలినంత ఎముక లేనిచోట ఎముక పెరగడానికి నింపేది. మీరు అడిగారు కాబట్టి నొప్పి సంగతి ముందే చెప్పేస్తాను. పెద్దగా ఉండదు. పన్ను పీకించుకున్నప్పుడు పడ్డ బాధలో సగం కూడా లేదు నాకు. మత్తు సూది గుచ్చినప్పుడు చురుక్కుమంది, అంతే. తర్వాత మూడు రోజులు చెంప ఉబ్బింది, కంటి కింద కాస్త కమిలింది. నన్ను ఏడిపించింది నొప్పి కాదు, తుమ్ము.

పై వరసలో కుడివైపు దవడ పన్ను అయిదేళ్ళ కిందట తీయించుకున్నాను. నవ్వితే కనపడదు, నమలడానికి ఎడమవైపు ఉంది, ఇక తొందరేముంది అనుకున్నాను. పీకిన డాక్టరు దూది కరిచిపెట్టుకోమన్నారు, ఉమ్మొద్దన్నారు, మాత్రలు రాసిచ్చారు. ఆ ఖాళీలో ఇకమీదట ఏం జరగబోతోందో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. నా అసలు గొడవ అదే, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మూడేళ్ళు గడిచేసరికి ఎదురు పన్ను లేదు కదా అని కింది పన్ను పైకి పొడుచుకు రావడం మొదలైంది. అప్పుడు పుట్టింది ఇంప్లాంట్ మీద బుద్ధి. ఈసారి వేరే డాక్టరు. త్రీడీ స్కాన్ తీసి తెర మీద చూపించారు. పళ్ళు తెల్లగా ఉన్నాయి, ఎముక బూడిద రంగులో ఉంది, దాని పైన నల్లటి గుహ ఒకటి. అది సైనస్ అట, గాలి తప్ప ఏమీ లేని గది. పన్ను పోయాక కింద నుంచి ఎముక అరుగుతూ వస్తుంది, పై నుంచి సైనస్ దిగుతూ వస్తుంది. మధ్యలో నాకు మిగిలింది 3 మిల్లీమీటర్లు. పెట్టాల్సిన ఇంప్లాంట్ పొడవు 10. టైటానియం ఎముకతో కలిసిపోతుందని స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన కుందేళ్ళ కాళ్ళ మీద ప్రయోగాలు చేస్తూ గమనించాడు, 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టాడు. గొప్ప సంగతే. కలిసిపోవడానికి ఎముకంటూ ఉండాలి కదా!

ఆ ఎముక కోసమే బోన్ గ్రాఫ్ట్. పై దవడ వెనక భాగంలో అయితే దీన్ని సైనస్ లిఫ్ట్ అంటారు. చిగురు కోసి పక్కకు తప్పించి, ఎముక పక్క గోడలో చిన్న కిటికీ తెరుస్తారు. నొప్పి తెలియదు గానీ చప్పుడు తెలుస్తుంది, ఎవరో నా తలలోపల గోడ గీకుతున్నట్టు. కిటికీ వెనక సైనస్ పొర ఉంటుంది. దాన్ని చిరగనివ్వకుండా పైకి లేపి, కింద ఏర్పడ్డ ఖాళీలో గ్రాఫ్ట్ నింపాలి. కోడిగుడ్డు పెంకు లోపల అంటుకుని ఉండే పొర చూశారుగా, ఇంచుమించు అలాంటిదే. ఈ పని నేర్చుకునేవాళ్ళు పచ్చిగుడ్డు మీద సాధన చేస్తారట, పెంకు చెక్కి పొర చిరగకుండా లేపడం. ఇది నాకు ఆపరేషన్ అయ్యాక తెలిసింది, నయం.

నింపేది కూడా మనం ఊహించుకునేలాంటి ఎముక ముక్క కాదు. ఉప్పు రవ్వల్లాంటి గింజలు. నర్సు చిన్న గిన్నెలో వేసి నా రక్తంతోనే తడిపింది. అదేమిటని అడుగుదామంటే నోరు బార్లా తెరిచి ఉంది. కుట్లు వేశాక అడిగితే, పశువు ఎముకలోంచి ప్రొటీనంతా తీసేసి మిగిల్చిన ఖనిజం అన్నారు. మన ఎముక పాకడానికి అది పందిరిలాంటిదట. నాకు పట్టింపేమీ లేదు. కానీ పట్టింపు ఉన్నవాళ్ళు ఉంటారు కదా, సంతకం పెట్టించుకునే ముందే చెప్పాల్సిన మాట కాదూ ఇది? దాత ఇచ్చిన మనిషి ఎముకతో చేసినవి ఉన్నాయి, కృత్రిమంగా తయారుచేసిన కాల్షియం ఫాస్ఫేట్ ఉంది, మన దవడలోంచే మరోచోట గీకి తీసి పెట్టేదీ ఉంది. ఏది పెడుతున్నారో మీరే అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్తారని కూర్చోకండి.

ఇక తుమ్ము. రెండు వారాలు ముక్కు చీదకూడదు, స్ట్రాతో తాగకూడదు, బరువులు ఎత్తకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకూడదు, నోరు తెరిచి తుమ్మాలి. నోరూ ముక్కూ మూసుకుని తుమ్మితే ఆ ఒత్తిడంతా సైనస్‌లోకి వెళ్ళి పొరను చింపేయొచ్చు. ఇదంతా ఒక కాగితం మీద రాసి, మత్తు దిగకముందే చేతిలో పెట్టారు. అప్పుడు ఎవరికి ఎక్కుతుంది!

ఆరో రోజు ఆఫీసులో మీటింగు. పదిమందిమి మూసిన గదిలో కూర్చున్నాం. ముక్కులో సన్నగా మొదలైంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చెయ్యి అడ్డం పెట్టుకుని మర్యాదగా తుమ్మినవాణ్ని, చెయ్యి దానంతటదే లేచింది. కాగితం గుర్తొచ్చి సగంలో దించేశాను. నోరు గుహలా తెరిచి తుమ్మాను. అది తుమ్ము కాదు, అరుపు. ఎదురుగా ఉన్నావిడ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. నేను సారీ కూడా చెప్పకుండా బాత్‌రూమ్‌కు పరిగెత్తాను. రుమాలు మీద సన్నటి ఎర్ర చార. ఫోన్ టార్చి వేసి, మడతలు విప్పి, గింజలేమైనా పడ్డాయేమోనని అయిదు నిమిషాలు వెతికాను. ఏమీ లేవు. డాక్టరుకు ఫోన్ చేస్తే, "చారలా కనిపిస్తే పర్లేదండీ. రక్తం ఆగకపోయినా, గింజలు కనపడినా వెంటనే రండి" అన్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రే లేదు. పక్కకు తిరిగితే కారిపోతుందేమోనని వెల్లకిలా పడుకున్నాను.

కారిపోలేదు. ఎనిమిది నెలలాగి మళ్ళీ స్కాన్ తీస్తే ఆ నల్ల గుహ అడుగున తెల్లగా గట్టు కట్టింది. ఆ తర్వాత ఇంప్లాంట్, మరో నాలుగు నెలలకు దాని మీద పన్ను. ఒక్క పన్నుకు ఏడాది! అందరూ నొప్పి ఎంత అని అడుగుతారు, ఎన్నాళ్ళు అని అడిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు నా గొడవ. పన్ను పీకాక మొదటి ఏడాదిలో అక్కడి ఎముక వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఇదేమీ రహస్యం కాదు, దంతవైద్యులందరికీ తెలిసిందే. పీకిన రోజే ఆ గుంటలో గ్రాఫ్ట్ నింపి పైన అడ్డుగా ఒక పల్చటి పొర కప్పితే ఈ అరుగుదల బాగా తగ్గుతుంది. పొర ఎందుకంటే, చిగురు తొందరగా పెరుగుతుంది, ఎముక నిదానంగా పెరుగుతుంది. అడ్డం లేకపోతే చిగురే వచ్చి గుంటనంతా ఆక్రమిస్తుంది. చీము పట్టి ఉంటే అదే రోజు కుదరకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ నాకు అలాంటిదేమీ లేదు. "మున్ముందు ఇంప్లాంట్ ఆలోచన ఉందా?" అని ఒక్క మాట అడిగి ఉంటే నాకీ కిటికీలు, తుమ్ములు ఉండేవి కావని నా గట్టి నమ్మకం.

తప్పనిసరా అన్నారు కదా. స్కాన్‌లో ఎముక సరిపడా ఉంటే అక్కర్లేదు. కొంచెం తక్కువైతే 6 మిల్లీమీటర్ల పొట్టి ఇంప్లాంట్లు కూడా ఉన్నాయి, కుదురుతుందేమో అడగండి. బ్రిడ్జి, అంటే పక్క పళ్ళ ఆసరాతో కట్టే పన్ను, ఉంది గానీ దానికోసం పక్కనున్న మంచి పళ్ళను అరగదీస్తారు, నాకు మనసొప్పలేదు. సిగరెట్ తాగేవాళ్ళయితే మానేశాకే వెళ్ళండి, గ్రాఫ్ట్ పాడయ్యే ప్రమాదం దానివల్ల బాగా పెరుగుతుంది. ఎముకలు గుల్లబారకుండా మాత్రలో ఇంజెక్షన్లో వాడుతుంటే పన్ను పీకక ముందే డాక్టరుకు చెప్పాలి, దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది.

మీది పై దవడ అయి, ఆపరేషన్ రోజుకు జలుబు చేసి ఉంటే మాత్రం మొహమాటపడకుండా ఫోన్ చేసి తేదీ మార్పించుకోండి.