మొదటి వార్షిక ప్రసంగం రాసేముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. మేయరుగా నువ్వు చదవబోయే ప్రసంగం ముసాయిదా రెండుసార్లు చదివాను. పద్నాలుగు పేజీల్లో "అభివృద్ధి" అన్న మాట ముప్పై ఒక్కసార్లు వచ్చింది. పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. రిటైరైనవాడికి ఇంతకన్నా పనేముంది!

ముందు ఆ కాగితాలు పక్కన పెట్టు. నీకు ముందున్న మేయరు పోయినేడు చదివిన ప్రసంగం తెప్పించుకో. అందులో చేస్తామన్న పనులన్నీ ఒక కాగితం మీద వరసగా ఎక్కించు. ఒక్కోదాని ఎదురుగా మూడింటిలో ఒక మాట రాయి: అయింది, సగంలో ఉంది, మొదలే కాలేదు. ఆ మాటలిచ్చింది ఆయన కదా, నాకేం సంబంధం అంటావేమో. ఆయన చేసిన అప్పులు తీరుస్తున్నావుగా, ఇదీ అంతే. నీ ప్రసంగం ఆ కాగితంతోనే మొదలవ్వాలి, స్వాగత వచనాలతో కాదు.

ఆ తర్వాత నువ్విచ్చే మాటల సంగతి. 2015 ఫిబ్రవరిలో న్యూయార్క్ మేయరు బిల్ డి బ్లాసియో తన వార్షిక ప్రసంగంలో చెప్పినవాటిలో రెండు నాకు బాగా గుర్తు. ఒకటి, 2017కల్లా నగరమంతా ఫెర్రీలు, అంటే ప్రయాణికుల పడవలు, తిరుగుతాయి, టికెట్టు సబ్‌వే (భూగర్భ రైలు) ధరకే. రెండోది, ఆ నగరంలోనే క్వీన్స్ అనే ప్రాంతంలో ఉన్న సన్నీసైడ్ రైల్వే యార్డు మీద సామాన్యులకు అందే ధరల్లో 11,250 ఇళ్లు. ఫెర్రీ 2017 మే 1న మొదలైంది, టికెట్టు 2.75 డాలర్లు, అన్నట్టుగానే అప్పటి సబ్‌వే రేటే. ఇళ్లు మాత్రం ఆయన 2021 చివర్లో దిగిపోయేదాకా లేవలేదు. ఆ యార్డు నగరానిది కాదు మరి. దేశమంతా రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థకూ, రాష్ట్ర రవాణా సంస్థకూ అందులో హక్కులున్నాయి. ప్రసంగం చేసిన రోజే గవర్నరు కార్యాలయం ఆ స్థలం ఇప్పట్లో ఇంకో పనికి దొరకదని తేల్చేసింది. ఒకే నోటితో ఒకే పూట ఇచ్చిన మాటలే రెండూ!

ఇప్పుడు నీ ఏడో పేజీ తీయి. కొత్త రైలు మార్గం "తీసుకొస్తాం" అని రాశావు. స్థలం ఎవరిది, డబ్బెవరిది, సంతకం ఎవరిది? మూడూ నీవి కావు. అక్కడ "అడుగుతాం" అని రాయి, ఏ నెలలో ఎవరిని అడుగుతావో కూడా రాయి. ముసాయిదా మొత్తంలో క్రియలన్నీ ఇలాగే ఏరు. "చేస్తాం" అన్నచోటల్లా పక్కన తారీఖు, బాధ్యుడైన అధికారి హోదా ఉండాలి. ఆ రెండూ దొరక్కపోతే కొట్టెయ్. నిర్దాక్షిణ్యంగా.

అంకెల దగ్గర నేనే ఒకసారి బోల్తాపడ్డాను. అప్పట్లో నేను రాసిచ్చిన ప్రసంగంలో ఆ ఏడు ఎన్ని కిలోమీటర్ల నీటి పైపు వేశామో గొప్పగా ఉంది. మేయరు చదివారు, జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, "పైపు సరే బాబూ, మా వీధికి నీళ్లు ఎన్నింటికి వస్తాయి?" అంది. వేదిక మీద ఎవరికీ తెలీదు. నా చేతిలో ఫైలు నిండా కిలోమీటర్లే. అప్పట్నుంచీ ప్రతి అంకె పక్కనా ఆవిడ ప్రశ్న రాసుకునేవాణ్ణి. రోడ్డు ఎంత వేశామో కాదు, బస్సు ఎన్ని నిమిషాలు ముందొస్తోందో చెప్పాలి.

బడ్జెట్ తయారుచేసేవాళ్లతో కూర్చోకుండా ప్రాధాన్యాల పేజీ రాయకు. లాస్ ఏంజెలెస్‌లో మేయరు ఏప్రిల్ 20లోగా బడ్జెట్ ప్రతిపాదన ఇవ్వాలని నగర నియమావళి చెబుతుంది, వార్షిక ప్రసంగమూ ఆ రోజుల్లోనే వస్తుంటుంది. ప్రసంగంలో మొదటిదన్న పనికి బడ్జెట్‌లో చివరి వరస దక్కితే విలేకరులు మర్నాటికే పట్టేస్తారు.

ప్రశ్నలకు టైము ఉంచు. లండన్‌లో 1999 నాటి చట్టం ప్రకారం మేయరు ఏటా నివేదిక ప్రచురించి, కొన్నాళ్లు ఆగి, జనం ముందు బహిరంగ చర్చకు నిలబడాలి. నాకు ఆ వరస నచ్చుతుంది. నీ దగ్గర అలాంటి నిబంధన లేకపోయినా, అంకెల పట్టిక ఒక వారం ముందే బయట పెట్టించు. అధికారులు గొణుగుతారు. గొణగనీ.

చెడ్డ కబురు ఉంటే మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పెయ్. చివర్లో పెడితే దాచినట్టుంటుంది. ధన్యవాదాల పేజీన్నర పీకెయ్, ఎవరూ ఏడవరు. మొత్తం అరగంట దాటకూడదు. పైకి గట్టిగా చదివి గడియారం చూసుకో, మనసులో చదివితే తక్కువ టైమే పడుతుంది.

ప్రసంగం మళ్లీ పంపకు. ఆదివారానికి ఆ అయింది–కాలేదు కాగితం పంపు, అది చూశాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ బాబాయి