యువత చర్చి పనుల్లో కలవాలంటే ఏం చేయాలి?

యూత్ మీటింగ్ పెడితే వస్తారు, సంఘం పనుల్లో మాత్రం కనిపించరు, ఏం చేయాలి అని అడిగారు. మీటింగులు పెంచడం కంటే పని అప్పగించడం మేలు. 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టర్ ‘క్రిస్టియన్ ఎండీవర్’ అనే యువజన సమాజం మొదలుపెట్టి చేసింది అదే. ఊరికే కూర్చుని వినడం కుదరదు, ప్రతి కూటంలోనూ ఏదో ఒక విధంగా పాలు పంచుకుంటానని సభ్యులు మాట ఇవ్వాలి. కమిటీల పని కూడా యువతే చూసుకునేది. అది కొన్నేళ్లలోనే చాలా దేశాలకు పాకింది.

పని అంటే కుర్చీలు సర్దడం, మైకు మోయడం మాత్రమే కాదు (మనం ఎక్కువగా అప్పగించేవి అవే!). ఆదివారం వాక్యం చదవాల్సిన అమ్మాయికి బుధవారమే ఆ భాగం ఇవ్వండి. ఒక పెద్దావిడ పక్కన కూర్చుని రెండుసార్లు చదివించాలి. మొదటివారం గొంతు వణుకుతుంది, మధ్యలో ఆగిపోతుంది కూడా. మైకు లాక్కోకండి.

సంఘ కమిటీలో ఇద్దరికి ఓటుతో సహా చోటివ్వండి, కానుకల లెక్కలూ చూడనివ్వండి. నా మటుకు అడ్డంకి పిల్లల దగ్గర కన్నా ‘మా రోజుల్లో అయితే’ అనే పెద్దల దగ్గరే ఎక్కువ కనిపిస్తుంది. సందేహం అడిగితే విశ్వాసం తగ్గిందని ముద్ర వేయొద్దు. పరీక్షల టెన్షన్‌లో రాకపోతే ఫోన్ చేసి పలకరించండి, నిలదీయకండి.