కడ్డీ అణువులతో పని మొదలుపెట్టబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఐదు బెంజీన్ వలయాలను నాలుగు త్రిబంధాలతో ఒకే వరుసలో కలిపి, వంగని కడ్డీలాంటి సంయుగ్మ అణువును (ఎలక్ట్రాన్లు పొడవునా పంచుకునే అణువును) తయారుచేసి, అది కాంతిని ఏ తరంగదైర్ఘ్యం దగ్గర పీల్చుకుంటుందో, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర తిరిగి వెదజల్లుతుందో కొలవబోతున్నానని రాశావు. నీ ప్రశ్నలన్నీ కొలత గురించే ఉన్నాయి. నేను మాత్రం ముందు ఫ్లాస్కు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఈ అణువుల విషయంలో వెదజల్లిన కాంతిని కొలిచే ఫ్లోరిమీటర్ ముందు కూర్చున్నప్పుడు ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఫ్లాస్కులోనే పుట్టి ఉంటాయి.

అణువు నిటారుగా ఉండటమే దాని ప్రత్యేకత, నిన్ను మొదట ఇబ్బంది పెట్టేదీ అదే. వలయం, త్రిబంధం కలిసిన ఒక్కొక్క జత సుమారు 0.7 నానోమీటర్ల పొడవుంటుంది. మూడు వలయాల అణువు టోలుయీన్‌లోనో క్లోరోఫామ్‌లోనో కరుగుతుంది గానీ, పక్క గొలుసులు లేని ఐదు వలయాల అణువులు ఒకదాని పక్కన ఒకటి గట్టిగా పేర్చుకుని ద్రావణిలోకి దిగడానికి మొరాయిస్తాయి. అందుకని మధ్య వలయానికి ఎదురెదురుగా రెండు గొలుసులు తగిలించాలి. తయారీ సులువు కదా అని చాలామంది ఇక్కడ హెక్సిలాక్సీ గొలుసులు, అంటే ఆక్సిజన్ ద్వారా వలయానికి అతుక్కునే ఆరు కార్బన్‌ల గొలుసులు పెడతారు. అయితే ఆ ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్ జంటను వలయంతో పంచుకుని శోషణాన్ని ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుపుతుంది, అప్పుడు నువ్వు చూస్తున్నది కడ్డీ పొడవు ప్రభావమో ఆక్సిజన్ ప్రభావమో విడదీసి చెప్పలేవు. పొడవు పెరిగేకొద్దీ శోషణం ఎలా మారుతుందన్నదే నీ ప్రశ్న కనుక, కాస్త శ్రమ ఎక్కువైనా ఆక్సిజన్ లేని హెక్సిల్ గొలుసులే పెట్టు.

వలయాలను కలపడానికి సోనోగషిరా చర్యనే వాడతావు. సోనోగషిరా, తోహ్దా, హగిహరా 1975లో ప్రకటించిన ఈ పద్ధతిలో పల్లాడియం ఉత్ప్రేరకం, కాపర్ అయోడైడ్, ఒక అమైన్ సాయంతో ఎసిటిలీన్ కొస ఆరైల్ హాలైడ్‌కు, అంటే అయోడిన్ లేదా బ్రోమిన్ వంటిది తగిలిన వలయానికి, అతుక్కుంటుంది. ఆరైల్ అయోడైడ్ గది ఉష్ణోగ్రతలోనే కదులుతుంది, బ్రోమైడ్‌కు సాధారణంగా వేడి కావాలి. మన పనికి ఈ తేడాయే ఆధారం: 1-బ్రోమో-4-అయోడోబెంజీన్‌లో అయోడిన్ ఉన్న వైపు ట్రైమిథైల్‌సిలైల్ ఎసిటిలీన్‌ను (ఒక కొసకు సిలైల్ కవచం తొడిగిన ఎసిటిలీన్‌ను) కట్టి, బ్రోమిన్ ఉన్న వైపును తర్వాతి మెట్టు కోసం అట్టే పెట్టుకోవచ్చు.

దీని వెన్నంటే మరో చర్య వస్తుంది. రాగి, ఆక్సిజన్ రెండూ ఉన్నచోట రెండు ఎసిటిలీన్ కొసలు ఒకదానితో ఒకటి కలిసిపోయి డైఐన్ (రెండు త్రిబంధాలు పక్కపక్కనే ఉన్న అణువు) అవుతాయి. గ్లేజర్ దీన్ని 1869లోనే చూశాడు. నైట్రోజన్ బుడగలు కాసేపు పోనిచ్చి సరిపెట్టుకోకు. ద్రావణిని గడ్డకట్టించి, వాక్యూమ్ పెట్టి, మళ్లీ కరిగించే పనిని మూడుసార్లు చెయ్యి. చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. ఆక్సిజన్‌ను పూర్తిగా తొలగించినా, పల్లాడియం రెండు ధనావేశాల స్థితిలో ఉన్న సమ్మేళనాన్ని వాడితే, అది చర్య నడిపే సున్నా స్థితికి దిగి రావడానికి సాధారణంగా రెండు ఎసిటిలీన్ అణువులను జతచేసి డైఐన్‌గా వదులుతుంది. అంటే నూటికి రెండు మోల్‌ల చొప్పున ఉత్ప్రేరకం వేస్తే, దాదాపు అంత డైఐన్‌ను నీ చేతులతోనే ఫ్లాస్కులో వేసినట్టు. మామూలు తయారీకి ఇది లెక్కలోకి రాదు. కాంతి కొలవబోయే పదార్థానికి మాత్రం ఇది చాలా పెద్ద మాట. అందుకే చివరి మెట్టులో సున్నా స్థితిలోనే ఉండే టెట్రాకిస్ ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ పల్లాడియం వాడమంటాను. అది నిగనిగలాడే పసుపు రంగులో ఉండాలి. సీసా మూత తీసినప్పుడు పొడి ఆకుపచ్చకో గోధుమ రంగుకో తిరిగి కనిపిస్తే, అది ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టేయి.

చర్య నడుస్తుంటే ఫ్లాస్కును చూస్తూ ఉండు. కాపర్ అయోడైడ్ పడిన కాసేపటికి పసుపు ద్రావణం ముదురుతుంది, అమైన్ లవణం తెల్లగా, సన్నటి పిండిలా అడుగున దిగడం మొదలవుతుంది. ఆ తెలుపు కనిపిస్తే చర్య అందుకుందని అర్థం. దానికి బదులు గాజు గోడలకు నల్లటి పొర పట్టిందంటే పల్లాడియం లోహంగా విడిపోయింది, ఇక ఎంతసేపు కలియబెట్టినా లాభం లేదు. రాగి ఎసిటిలైడ్‌లు ఎండితే పేలే స్వభావం గలవి కనుక వడపోత కాగితం మీది శేషాన్ని పొడిగా ఆరనివ్వకు, తడిగా ఉండగానే నాశనం చేసే పద్ధతికి పంపు. సిలైల్ కవచాన్ని పొటాషియం కార్బొనేట్, మిథనాల్‌తో తీసిన రోజే ఆ ఎసిటిలీన్‌ను వాడెయ్యి. నిల్వ ఉంచితే అది గోధుమ రంగుకు తిరుగుతుంది.

శుద్ధి గురించి కాస్త వివరంగా రాయాలి. డైఐన్, నీకు కావలసిన అణువు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కనుక పదార్థాలను మచ్చలుగా విడదీసి చూపే టీఎల్‌సీ పలక మీద ఒక్క మచ్చే కనిపించవచ్చు. అణువులోని ఒక్కో రకం కార్బన్‌ను ఒక్కో చోట (పీపీఎం కొలమానంలో) గీతగా చూపే కార్బన్-13 ఎన్ఎంఆర్ ఈ విషయంలో మరింత నమ్మదగినది: రెండు వలయాల మధ్య ఉన్న త్రిబంధపు కార్బన్‌లు 90 పీపీఎం చుట్టుపక్కల కనిపిస్తే, డైఐన్ కార్బన్‌లు 74, 82 దగ్గర కనిపిస్తాయి. ఆ రెండు చోట్లా గీత పూర్తిగా నేలకు అంటుకునే వరకు స్ఫటికీకరణ చేస్తూనే ఉండు. అయినా ఎన్ఎంఆర్ కంట పడని మలినం కూడా వెలుగుతుంది.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నా తొలి ఐదు వలయాల కడ్డీ ద్రావణంలో నీలి కాంతి పక్కన, ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు వెడల్పాటి చిన్న గుట్ట ఒకటి కనిపించింది. అణువులు జతకట్టి ఎక్సైమర్‌గా వెలుగుతున్నాయని నిర్ణయించుకుని, ఆ గుట్ట మీద వివరణ అల్లుకుంటూ నాలుగు నెలలు గడిపాను. చివరికి ద్రావణాన్ని పదింతలు పలుచన చేసి చూస్తే గుట్టకూ అసలు శిఖరానికీ మధ్య నిష్పత్తి మారలేదు. జతకట్టడం వల్ల వచ్చినదైతే పలుచన చేసినప్పుడు అది తగ్గి తీరాలి. టోలుయీన్‌లో మూడుసార్లు స్ఫటికీకరించాక ఆ గుట్ట కనిపించకుండా పోయింది. ఆ పరీక్ష మొదటి రోజే చేసి ఉంటే అరగంట పట్టేది. ఈ పొరపాటు నా ఒక్కడికే పరిమితం కాదు. పాలీఫ్లోరీన్ అనే కడ్డీలాంటి పాలిమర్ నీలి కాంతిలోకి చొరబడే ఆకుపచ్చ వెలుగును చాలాకాలం ఎక్సైమర్ అనుకున్నారు. గొలుసులో అక్కడక్కడ ఆక్సీకరణ వల్ల ఏర్పడిన ఫ్లోరినోన్ లోపాలే దానికి ప్రధాన కారణమని తర్వాత తేలింది. ఘనస్థితి పొరలో ఉత్తేజిత శక్తి అణువు నుంచి అణువుకు గెంతుతూ పోయి అతి తక్కువ శక్తి గల చోట ఆగుతుంది కనుక, ఒక పాలు మలినం నూరు పాళ్ల పదార్థపు రంగును మార్చగలదు.

ఇక కొలత సంగతి. ఉత్తేజన తరంగదైర్ఘ్యం (అణువును వెలిగించడానికి పంపే కాంతి తరంగదైర్ఘ్యం) దగ్గర శోషణాంకం 0.1 దాటకూడదు, 0.05 అయితే మరీ మంచిది. అంతకు మించితే ద్రావణం పోసిన క్యూవెట్ ముందు భాగమే కాంతిని మింగేసి, ఉద్గారం తక్కువగా కనిపిస్తుంది. క్వాంటం యీల్డ్ (పీల్చుకున్న కాంతిలో తిరిగి వెలుగుగా వచ్చే వంతు) కోసం 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో క్వినైన్ సల్ఫేట్‌ను ప్రమాణంగా పెట్టుకో, దాని విలువ 0.546 అని వాడుకలో ఉంది. అది నీటిలోనూ నీ అణువు టోలుయీన్‌లోనూ ఉంటాయి కనుక వక్రీభవన గుణకాల నిష్పత్తిని వర్గం చేసి గుణించడం మరచిపోకు. 1.50ని 1.33తో భాగించి వర్గం చేస్తే దాదాపు 1.27 వస్తుంది, అంటే ఆ ఒక్క గుణకారం వదిలేస్తే నీ అంకె నాలుగో వంతుకు అటూ ఇటూగా తప్పుతుంది. చిన్న శిఖరం ఏదైనా కొత్తగా కనిపిస్తే ఉత్తేజన తరంగదైర్ఘ్యాన్ని 10 నానోమీటర్లు జరిపి చూడు. దానితో పాటే శిఖరమూ జరిగితే అది ద్రావణి కాంతిని చెదరగొట్టడం వల్ల వచ్చే రామన్ పరిక్షేపణమే అయి ఉంటుంది, నీ అణువు వెలుగు కాదు.

శోషణ వర్ణపటం మెత్తటి కొండలా, ఉద్గార వర్ణపటం మెట్లు మెట్లుగా వచ్చి రెండూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా లేవని కంగారు పడకు. త్రిబంధం చుట్టూ వలయాలు తిరగడానికి మోల్‌కు ఒక కిలోక్యాలరీ కన్నా తక్కువ శక్తి చాలు కనుక, భూస్థితిలో రకరకాల కోణాల్లో ఉన్న అణువులన్నీ కలిసి పీల్చుకుంటాయి. ఉత్తేజిత స్థితిలో మాత్రం అణువు చదునుగా సర్దుకుని, ఆ ఒక్క ఆకారం నుంచే వెలుగుతుంది. 77 కెల్విన్‌లో 2-మిథైల్‌టెట్రాహైడ్రోఫ్యూరాన్ గాజులా గట్టిపడ్డప్పుడు కొలిచి చూస్తే శోషణంలోనూ మెట్లు తేలతాయి. నాకు ఇప్పటికీ ముచ్చటగొలిపే కొలత అది. వలయాలు పెరిగేకొద్దీ శోషణం జరుగుతుంది గానీ ఒక్కొక్క వలయం జరిపే దూరం తగ్గుతూ పోతుంది. రెండు వలయాల అణువు గది ఉష్ణోగ్రతలో చాలా తక్కువగా వెలగడం చూసి దాని శుద్ధిని శంకించకు. దానికి కాంతినివ్వని ఉత్తేజిత స్థితి ఒకటి దగ్గర్లోనే ఉంది, అణువు త్వరగా అందులోకి జారిపోతుంది. మూడు వలయాల నుంచి వెలుగు బలపడుతుంది.

ఇవన్నీ అయ్యాక, ఉద్గార శిఖరం దగ్గర నిలిపి, ఉత్తేజన తరంగదైర్ఘ్యాన్ని మారుస్తూ తీసిన ఉత్తేజన వర్ణపటాన్ని శోషణ వర్ణపటం మీద పెట్టి చూడు. వెలిగేదీ పీల్చుకునేదీ ఒకే అణువైతే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఆ తర్వాత గుట్ట ఉన్న చోట నిలిపి మరొకటి తియ్యి. ఈ మూడు గీతలనూ ఒకే కాగితం మీద గీసి, దానితో పాటు 70 నుంచి 95 పీపీఎం వరకు పెద్దది చేసిన కార్బన్ ఎన్ఎంఆర్‌ను జతచేసి నాకు పంపు. క్వాంటం యీల్డ్ అంకెను ఇప్పుడే పంపనక్కరలేదు. ముందు ఆ కాగితం చూశాక దాని గురించి మాట్లాడుకుందాం.