విశృంఖలమా, విచ్ఛృంఖలమా?

సందేహం: కట్టుబాట్లను లెక్కచేయని ప్రవర్తనను కొందరు ‘విశృంఖలం’ అని, కొందరు ‘విచ్ఛృంఖలం’ అని రాస్తున్నారు. ఏది సరైనది? ఈ మాట ఎలా పుట్టింది? ‘విచ్చలవిడి’కీ దీనికీ తేడా ఉందా?

సమాధానం: విశృంఖలమే సరైనది. శృంఖల అంటే గొలుసు. మనం రోజూ వాడే ‘సంకెల’ దీని వికృతే. ఇక్కడ ‘వి’ ఉపసర్గకు ‘లేని’ అని అర్థం. సంకెల లేనిది విశృంఖలం. సంస్కృత నిఘంటువు అమరకోశం శృంఖలాన్ని క్షత్రియవర్గమనే భాగంలో, ఏనుగును కట్టే కంబానికీ అంకుశానికీ మధ్య పేర్కొంది. గొలుసు తెంచుకున్న ఏనుగు వీధిలో పడడాన్ని తలచుకుంటే ఈ మాటలో ఇంత బెదురు ఎందుకుందో తెలుస్తుంది. సంస్కృతంలో దీనికి ‘అడ్డూ ఆపూ లేని’ అనే మామూలు అర్థమూ ఉంది. తెలుగు వాడుకలో మాత్రం నిందే స్థిరపడింది. దాస్యశృంఖలాలు తెంచినవారిని వేనోళ్ల పొగుడుతాం కానీ, వారిని విశృంఖలులు అనం!

ఇక ‘విచ్ఛృంఖలం’ సంగతి. ఇది దాదాపు ఇదే అర్థమున్న మరో సంస్కృత పదం ‘ఉచ్ఛృంఖలం’ చూసి పెట్టిన వాత అని నా అభిప్రాయం. ఉత్ + శృంఖల అన్నప్పుడు ‘త్’ శ్చుత్వసంధి వల్ల ‘చ్’ అవుతుంది, పక్కనున్న ‘శ’ ‘ఛ’గా మారుతుంది. ఉత్ + శ్వాస ఉచ్ఛ్వాస అయినట్లే. ‘వి’ అచ్చుతో ముగుస్తుంది, అక్కడ ‘త్’ లేదు. వి + శ్వాస విశ్వాసమే అవుతుంది కదా, విచ్ఛ్వాసం కాదు. ‘మరి విచ్ఛిన్నం మాటేమిటి?’ అని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. అందులోని ధాతువు ఛిద్, మొదటి నుంచీ ఛకారమే. హ్రస్వాచ్చు తర్వాత ఛకారం వస్తే దాని ముందు చకారం చేరుతుంది. శృంఖలలో ఉన్నది శకారం కనుక ఆ సూత్రం ఇక్కడికి రాదు.

విచ్చలవిడికి పరిధి ఎక్కువ. డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేస్తారు, ప్లాస్టిక్ సంచులు విచ్చలవిడిగా వాడతారు. ఆ చోట్ల విశృంఖలం అతకదు. అది నడవడికి, మాటతీరుకు, అధికారం చెలాయించే పద్ధతికి చెందిన మాట. అచ్చ తెలుగులో ‘కట్టు తప్పడం’ దీనికి బాగా దగ్గర.

రాసేటప్పుడు ‘శ్రు’ కాదు, శకారానికి వట్రసుడి. ‘ఖ’ ఒత్తక్షరం. నామవాచకంగా విశృంఖలత, విశృంఖలత్వం రెండూ ఒప్పే. ‘విశృంఖలతత్వం’ మాత్రం తప్పు. ‘త’, ‘త్వం’ చేసే పని ఒకటే కాబట్టి రెంటినీ కలపనక్కర్లేదు.