యార్డులో నిలబడిన ఇంజన్‌ను ఆపడం గురించి, కొత్తగా షంటర్ అయిన అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

నీకు షంటింగ్ (యార్డులో బండ్లను అటూ ఇటూ జరిపి సర్దే పని) డ్యూటీ పడిందని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు, చాలా సంతోషించాను. బ్రాడ్‌గేజ్ లైన్లు దాదాపు అన్నీ విద్యుదీకరణ అయ్యాక ఇంకా డీజిల్ పొదుపు గురించి ఎందుకని అనుకోవద్దు. క్రేన్లతో కంటైనర్లు ఎత్తి దించే లైన్ల మీద, పైన తీగ వేయడం కుదరని సైడింగుల్లో (పక్క లైన్లలో) ఇప్పటికీ డీజిల్ లోకోదే పని. ఆ లోకో బండ్లను కదిలించే సమయం కన్నా, తర్వాతి కదలిక కోసం ఎదురుచూస్తూ నిలబడి, ఇంజన్ ఊరికే తిరిగే సమయమే ఎక్కువగా ఉంటుంది. ఈ ఉత్తరం ఆ సమయం గురించే.

పెద్ద ఆల్కో రకం డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో, అంటే పని లేకుండా ఊరికే తిరుగుతూ, గంటకు సుమారు 25 లీటర్ల డీజిల్ తాగుతుందన్నది రైల్వే శాఖ చెప్పే లెక్క. ఆరు సిలిండర్ల షంటింగ్ లోకో డబ్ల్యూడీఎస్-6కు అంత పట్టకపోయినా, మెయిన్ లైన్ నుంచి దించి షంటింగ్‌కు పెట్టిన 16 సిలిండర్ల లోకో నీ చేతికి వస్తే, ఒక షిఫ్టులో నాలుగు గంటలు ఊరికే తిరిగినా 100 లీటర్లు పోయినట్టే. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ పొగంతా యార్డు గోడకు ఆనుకుని ఉన్న క్వార్టర్ల మీదికే పోతుంది.

ఐడిల్‌లో ఇంజన్‌కు విశ్రాంతి దొరుకుతుందని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. సిలిండర్లలో వేడి చాలక డీజిల్ పూర్తిగా కాలదు, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) జారి ల్యూబ్ ఆయిల్‌ను పలచబరుస్తుంది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని నెట్టే యంత్రం) నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని సీళ్ల గుండా కొంత ఆయిల్ పొగగొట్టం వైపు వెళ్తుంది. చాలాసేపు ఐడిల్‌లో ఉన్న లోకో పొగగొట్టం అంచును పగటి వెలుగులో చూడు, నల్లగా తడిగా జిడ్డు కనిపిస్తుంది. తర్వాత ఒక్కసారిగా లోడు పడితే నిప్పురవ్వలై ఎగిసేది ఆ జిడ్డే. చలిదేశాల్లో నీళ్లు గడ్డకడతాయన్న భయంతో ఇంజన్లు తిప్పుతారు, మన విజయవాడలోనో కాజీపేటలోనో ఆ అవసరం ఏనాడూ రాదు.

అయినా షంటర్లు ఇంజన్ ఎందుకు ఆపరంటే, మళ్లీ స్టార్ట్ కాదేమోనన్న భయం వల్ల. ఆ భయానికి కారణాలున్నాయి కాబట్టి దాన్ని తప్పుపట్టను, కానీ ఆ కారణాలను ఒక్కొక్కటిగా తీసేయవచ్చు. మొదటిది బ్యాటరీ. బ్యాటరీ సెట్లో టెర్మినళ్లు ఎక్కడైనా వదులై తెల్లటి పొడి పట్టి ఉంటే క్రాంకింగ్ (స్టార్ట్ చేయడానికి ఇంజన్‌ను తిప్పే) సమయంలో అక్కడే వోల్టేజీ పడిపోతుంది, అందుకే డ్యూటీ ఎక్కగానే బ్యాటరీ పెట్టె మూత తీసి చూడు. స్టార్ట్ అయిన తర్వాత అమ్మీటరు ముల్లు ఛార్జింగ్ వైపు ఎక్కి, క్రమంగా సున్నా దగ్గరికి దిగితే బ్యాటరీ నిండినట్టు. అలా దిగే దాకా ఆగి, ఆ తర్వాత ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్ట్ చేయడానికి ఇబ్బంది ఉండదు. రెండోది బ్రేకులకు కావాల్సిన గాలి. ఆల్కోలో కంప్రెసర్‌ను తిప్పేది ఇంజనే కాబట్టి, అది ఆగితే ఎంఆర్ (మెయిన్ రిజర్వాయర్, గాలి నిల్వ ట్యాంకు) ప్రెషర్ లీకుల గుండా దిగుతూ పోతుంది. ఎంత త్వరగా దిగుతోందో గేజ్ మీద చూసి, చెవికి వినిపించే లీకును, ముఖ్యంగా గాలి గొట్టాలు కలిసే హోస్ కప్లింగుల దగ్గర, డ్యూటీ దిగే లోపే రిపోర్టు చేయి.

ఇక మూడోది సమాచారం, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. తర్వాతి కదలిక అయిదు నిమిషాల్లో ఉందో గంట తర్వాతో తెలియని షంటర్ ఇంజన్ ఆపడానికి సాహసించడు. అందుకే షిఫ్టు మొదట్లోనే స్టేషన్ మాస్టర్‌ను, యార్డ్ మాస్టర్‌ను అడిగి రేకులు (కలిపి ఉన్న పెట్టెల బండ్లు) ఏ వరసలో వస్తాయో రాసుకో, ప్రతి కదలిక పూర్తయ్యాక వాకీటాకీలో "తర్వాత ఎప్పుడండీ?" అని అడుగు. ఇలా అడిగేవాడు ఉన్నాడని తెలిస్తే వాళ్లు కూడా పనులు కలిపి ఇస్తారు, మూడుసార్లు తోయాల్సిన రేకు ఒక్క తోపుతో సర్దుకుంటుంది. ఎన్ని నిమిషాల ఖాళీ ఉంటే ఆపాలన్నది మీ డివిజన్ ఉత్తర్వులో ఉన్నట్టే పాటించు.

ఆపే పద్ధతిలో మాత్రం తొందరపడకు. లోడు లాగిన వెంటనే కాకుండా, టర్బో చల్లబడేందుకు కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచి అప్పుడు ఆపు. ఆగిన ఇంజన్‌లో గాలి దిగిపోతుంది కనుక ఎస్‌ఏ-9 (లోకోకు మాత్రమే పడే గాలి బ్రేకు)ను నమ్ముకుని కిందికి దిగవద్దు, హ్యాండ్ బ్రేకు పూర్తిగా బిగించి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాకే లోకో వదులు. రేకుకు తగిలి ఉండి గాలి అందించాల్సి వచ్చినప్పుడు, వాలులో లోడు పట్టుకుని ఉన్నప్పుడు ఆపే ఆలోచనే పెట్టుకోకు. పొదుపు కన్నా అక్కడ భద్రతే ముఖ్యం.

నడిపేటప్పుడు చెప్పాల్సింది తక్కువే. నాచ్ (పవర్ మెట్టు) పెంచాక, మోటార్లకు వెళ్లే కరెంటును చూపే లోడు మీటరు ముల్లు దిగే దాకా ఆగి తర్వాతి నాచ్ ఇవ్వు, బ్రేకు పట్టి ఉండగా పవర్ ఇవ్వకు. షంటింగ్‌లో గంటకు 15 కిలోమీటర్లు దాటకూడదన్న నియమం ఉన్నప్పుడు, పై నాచ్‌లకు వెళ్లి వెంటనే బ్రేకు వేయడమంటే డీజిల్‌ను బ్రేకు బ్లాకుల్లో అరగదీయడమే.

నీ లోకోకు ఏపీయూ (ఆగ్జిలరీ పవర్ యూనిట్ అనే చిన్న సహాయక ఇంజన్) ఉంటే నీ అదృష్టం. పది నిమిషాలకు మించి ఐడిల్‌లో ఉంటే పెద్ద ఇంజన్ ఆగిపోయి, 25 హెచ్‌పీ చిన్న ఇంజన్ బ్యాటరీని, గాలిని చూసుకుంటుంది. దానికి గంటకు మూడు లీటర్లే చాలు. కొందరు శబ్దం నచ్చకనో నమ్మకం లేకనో దాన్ని ఐసొలేట్ చేసి (పనిచేయకుండా విడదీసి) ఉంచుతారు. అలా ఉన్న లోకో నీకు అందితే, ఎందుకు ఐసొలేట్ చేశారో లాగ్ బుక్‌లో వెతికి, కారణం కనిపించకపోతే లోకో ఇన్‌స్పెక్టర్‌కు చెప్పు. ఎప్పుడైనా క్రాంక్ చేసినా ఇంజన్ పుంజుకోకపోతే సమయంతో సహా అదే పుస్తకంలో రాసి షెడ్‌కు తెలియజేయి. ఆ లోపం రాయకుండా వదిలేస్తే నీ తర్వాత వచ్చే షంటర్ తెల్లవార్లూ ఇంజన్ తిప్పుతూనే కూర్చోవాల్సి వస్తుంది.

ఇట్లు,
మీ బాబాయి