బావ వెళ్లిన దారి అమ్మాయికి పనికొస్తుందా? కరీబియన్ మెడిసిన్ గురించి ఒక తల్లికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి నీట్‌లో క్వాలిఫై అయింది కానీ కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. మా ఆడపడుచు వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. వాళ్లబ్బాయి కరీబియన్ ద్వీప దేశమైన గ్రెనడాలో మెడిసిన్ చదివి ఇప్పుడు న్యూయార్క్‌లో రెసిడెన్సీ (ఆస్పత్రిలో పనిచేస్తూ పొందే స్పెషలిస్టు శిక్షణ) చేస్తున్నాడు. మన అమ్మాయిని కూడా అక్కడికే పంపమంటున్నారు. ఇక్కడి కన్సల్టెన్సీ వాళ్లు కూడా కరీబియన్ అంటే అమెరికా మెడిసినే అంటున్నారు. మావారు రెండెకరాలు అమ్మడానికి సిద్ధపడ్డారు. అక్కడ పిల్లల రోజువారీ జీవితం ఎలా ఉంటుంది? తిండి, భద్రత సంగతేమిటి? జార్జియా దేశం మంచిదా, ఇదా? పోల్చి చెప్పగలరు. (ఒక తల్లి, సత్తెనపల్లి)

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఊరు మారుతుంది, దేశం మారుతుంది, అడిగేది మాత్రం ఎప్పుడూ అన్నం దొరుకుతుందా అనే. ఆ మాట వెనకున్న భయం వేరని మీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్ల తట్టుకోలేకపోతే ఎలా, పొలమూ పోయి చదువూ మధ్యలో ఆగిపోతే ఎవరికి చెప్పుకోవాలి, అదీ మీ భయం. దాని దగ్గరికి వస్తాను. ముందు తిండి సంగతి చెప్పేస్తాను, లేకపోతే మీ మనసంతా దాని మీదే ఉంటుంది.

గ్రెనడా మొత్తం కలిపి 344 చదరపు కిలోమీటర్లు. దేశం జనాభా అంతా కలిపినా మన తెనాలి కంటే తక్కువ. మీ ఆడపడుచు కొడుకు చదివింది బహుశా సెయింట్ జార్జెస్ యూనివర్సిటీ అయ్యుంటుంది. కరీబియన్ కాలేజీల్లో పాతవాటిలో అదొకటి, 1977లో క్లాసులు మొదలయ్యాయి. క్యాంపస్ ఉన్న చోటిని ట్రూ బ్లూ అంటారు, సముద్రం ఒడ్డునే ఉంటుంది. బ్రోషర్‌లో నీలం నీళ్లు, కొబ్బరి చెట్లు చూసి పిల్లలు మురిసిపోతారు. చేరాక ఆ నీళ్ల వైపు చూసే తీరికే ఉండదు. అక్కడ చదివే పిల్లలతో మాట్లాడితే అందరూ దాదాపు ఒకటే చెప్తారు: పొద్దున్నే లెక్చర్లు, మధ్యాహ్నం శవాల మీద అనాటమీ ల్యాబో చిన్న గ్రూపుల్లో చర్చలో, సాయంత్రం రికార్డయిన లెక్చర్లను రెట్టింపు స్పీడులో పెట్టుకుని మళ్లీ వినడం, ఆంకీ కార్డులు (గుర్తుపెట్టుకోవడానికి వాడే ఫ్లాష్ కార్డుల యాప్), యూవరల్డ్ క్వశ్చన్ బ్యాంకు, అర్ధరాత్రి లైబ్రరీ నుంచి షటిల్ బస్సులో గదికి. ఒక్కరోజు సిలబస్ వదిలేస్తే తర్వాతి వారమంతా దాన్ని అందుకోవడానికే సరిపోతుందట. నడకదూరంలో ఉన్న బీచ్‌కి పరీక్షలయ్యాక ఒక ఆదివారం వెళ్తారు, అంతే.

తిండికి ఢోకా లేదు. 1857లోనే మనదేశం నుంచి కూలీలు ఓడలో గ్రెనడాకి వెళ్లారు, అందుకే ఆ ద్వీపంలో రోటీ, కూర ఈనాటికీ మామూలు తిండి. వాళ్ల జాతీయ వంటకం ఆయిల్ డౌన్. సీమపనస, చేమాకులు, ఉప్పు పట్టించిన మాంసం, పసుపు, కొబ్బరిపాలు వేసి ఒకే గిన్నెలో ఉడికిస్తారు. మాంసం తీసేస్తే మన అమ్మమ్మలకు పెద్ద వింతగా అనిపించని వంట. కాకపోతే సూపర్ మార్కెట్లో దొరికేవాటిలో చాలావరకు ఓడలో దిగుమతయ్యేవే, ధరలు చూస్తే గుండె గుభేలుమంటుంది. రైస్ కుక్కరు, పచ్చళ్లు సరే, మిలిటరీ డిజైన్ ప్యాంట్లు మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. గ్రెనడాలో మామూలు జనం అవి వేసుకోవడం చట్టవిరుద్ధం. ఇది ఏ కన్సల్టెన్సీ వాళ్లూ చెప్పరు.

ఊళ్లోకి వెళ్లాలంటే చిన్న వ్యాన్లు తిరుగుతుంటాయి, పాటలు చెవులు చిల్లులు పడేలా పెడతారు, దిగాల్సిన చోటు రాగానే బండి బాడీ మీద చేత్తో కొట్టాలి. ఎక్కగానే అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పాలి, చెప్పకపోతే పొగరనుకుంటారు. మన పిల్లలు మొదట్లో దీనికి తడబడతారు, నెల తిరిగేసరికి అలవాటైపోతుంది. మీరు ఫోన్ చేయడానికి టైమ్ కూడా కుదురుతుంది: మనకు తెల్లవారుజామున ఐదున్నర అయితే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిది. భద్రత విషయంలో మరీ కంగారు అక్కర్లేదు, రాత్రిళ్లు ఒంటరిగా తిరగకుండా ఉంటే చాలు. (1983లో అమెరికా సైన్యం గ్రెనడాలో దిగినప్పుడు చెప్పిన కారణాల్లో ఈ కాలేజీ పిల్లల భద్రత ఒకటి. అది రాజకీయం, వదిలేయండి.)

నిజంగా భయపడాల్సింది తుఫానుల గురించి. జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ల కాలం. 2004లో ఇవాన్ వచ్చి గ్రెనడాలోని జాజికాయ తోటల్లో చాలావరకు ఊడ్చేసింది. 2024 జులై 1న బెరిల్ వచ్చి పక్కనున్న క్యారియకూ ద్వీపాన్ని చిన్నాభిన్నం చేసింది. 2017లో మరియా దెబ్బకి డొమినికాలో ఉన్న రాస్ యూనివర్సిటీ పిల్లలకు కొన్నాళ్లు ఓడలో క్లాసులు పెట్టి, తర్వాత అమెరికాలోని టెనెసీకి మార్చి, చివరికి 2019లో కాలేజీని బార్బడోస్‌కి తరలించారు. ఇంకో కాలేజీ అగ్నిపర్వతం వల్ల మాంట్సెరాట్ నుంచి సింట్ మార్టెన్‌కి వెళ్లిపోయింది. మీ అమ్మాయి చేరిన ద్వీపంలోనే చదువు పూర్తవుతుందని ఎవరూ బాండు పేపరు మీద రాసివ్వలేరు.

ఇక అసలు సంగతి. మీ ఆడపడుచు గారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, వాళ్లబ్బాయి కష్టపడి పైకొచ్చాడు, కాదనను. కానీ అతని చేతిలో అమెరికా పాస్‌పోర్ట్ ఉండి ఉంటుంది. అక్కడ పెరిగిన పిల్లలు మామూలుగా డిగ్రీ పూర్తయ్యాకే మెడిసిన్‌కి వెళ్తారు, అంటే ఇరవై రెండో ఇరవై మూడో వచ్చాక. కొన్ని పెద్ద కరీబియన్ కాలేజీల్లో చదివే అమెరికా పౌరులకు వాళ్ల ప్రభుత్వం అప్పు ఇస్తూ వచ్చింది. ద్వీపంలో రెండేళ్లు సైన్సులు చదివి, మిగతా రెండేళ్లు న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఆస్పత్రుల్లో క్లినికల్ రొటేషన్లు (ఒక్కో విభాగంలో కొన్ని వారాల ప్రాక్టికల్ శిక్షణ) చేయడమంటే అతనికి ఇంటికి తిరిగొచ్చినట్టే. మీ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. ఇంటర్ అవగానే వెళ్తుంది కాబట్టి ముందు ప్రీమెడ్, అంటే మెడిసిన్‌కి ముందు చదివే సైన్సు కోర్సు, చదవాలి. గ్రెనడా వెళ్లడానికి ఇండియన్లకు వీసా అక్కర్లేదని ఏజెంట్లు గొప్పగా చెప్తారు, అది నిజమే, కానీ దారిలో అమెరికాలోనో లండన్‌లోనో విమానం మారాలంటే అక్కడి వీసా అడుగుతారు, రొటేషన్లకు అమెరికా వీసా కావాలి, రెసిడెన్సీకి మళ్లీ కావాలి. అంటే చేసే చదువు ఒకటే, కాలేజీ ఒకటే, కానీ అతను వెళ్లింది అమెరికా పౌరుడిగా, ఈమె వెళ్లేది అడుగడుగునా కాన్సులేట్ గుమ్మం ముందు నిలబడుతూ.

దీనికన్నా పెద్దది ఇంకోటి ఉంది, దాన్నెవరూ మీ దగ్గర ఎత్తి ఉండరు. 2021 నవంబర్‌లో ఎన్‌ఎంసీ (మనదేశంలో వైద్యవిద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్) తెచ్చిన విదేశీ మెడిసిన్ నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆ పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అదే విదేశీ కాలేజీలో చేయాలి, చదువులో ఏ భాగమూ ఇంకో దేశంలో చేయకూడదు. ద్వీపంలో సగం, అమెరికాలో సగం అనే పద్ధతే దీనికి పొసగదు. అంటే ఆ డిగ్రీ పట్టుకుని మీ అమ్మాయి ఇండియాకి వచ్చి ప్రాక్టీస్ చేయలేదు. కరీబియన్ మెడిసిన్ మన పిల్లలకు ఒంటెద్దు బండి లాంటిది, అది అమెరికా వైపే లాగుతుంది, మధ్యలో వెనక్కి తిప్పడం కుదరదు.

ఆ అమెరికా వైపు తలుపైనా ఎంత తెరిచి ఉందో చూడండి. 2024 రెసిడెన్సీ మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్లు కేటాయించే ఏటేటి ప్రక్రియ) అమెరికా కాలేజీల్లో ఎండీ (అక్కడ అది మన ఎంబీబీఎస్ లాంటిది) చదివిన ఫైనలియర్ పిల్లలు వందకి 93 మంది సీటు తెచ్చుకున్నారు. విదేశాల్లో చదివిన అమెరికా పౌరులు 67 మంది. విదేశాల్లో చదివిన విదేశీయులు, అంటే రేపు మీ అమ్మాయి ఉండబోయే వరస, 58 మంది. పైగా ఈ లెక్క మ్యాచ్ దాకా వచ్చినవాళ్లదే. మొదటి సెమిస్టర్లలో ఫెయిలై ద్వీపం నుంచే వెనక్కి వచ్చేసినవాళ్లు, స్టెప్ పరీక్షల (అమెరికాలో డాక్టర్ లైసెన్సు కోసం రాసే యూఎస్ఎంఎల్ఈలోని పరీక్షలు) దగ్గరే ఆగిపోయినవాళ్లు ఇందులో లేరు. ఇంకోటి, 2022 నుంచి స్టెప్ 1కి మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే పెట్టారు. ఒకప్పుడు మన పిల్లలు ఆ స్కోరు చూపించే కదా రెసిడెన్సీ ప్రోగ్రాముల కంట్లో పడేవాళ్లు! ఇప్పుడు అదీ పోయింది.

ఇది విని, అయితే ఇండియన్ల కోసమే 54 నెలల కోర్సు పెట్టిన చిన్న కాలేజీలు కరీబియన్‌లో ఉన్నాయట కదా అని మీవారు అంటారు, నాకు తెలుసు. వాటి మీదే నా అనుమానం ఎక్కువ. మందులు, మాత్రల సంగతి పుస్తకంలో చదివినా రోగిని మంచం దగ్గర చూడాలి కదమ్మా. తెనాలి అంత కూడా లేని దేశంలో ఎన్ని కాన్పులు, ఎన్ని యాక్సిడెంట్ కేసులు చూస్తుంది పిల్ల? గుంటూరు జనరల్ ఆస్పత్రి క్యాజువాలిటీలో ఒక్క రాత్రి నిలబడ్డ హౌస్ సర్జన్ చూసినన్ని కేసులు అక్కడ ఎన్నాళ్లకు కనిపిస్తాయి? కరీబియన్‌లో స్థానికులు గౌరవించే యూనివర్సిటీ ఆఫ్ వెస్టిండీస్ లాంటిది ఉంది, జమైకాలో, ట్రినిడాడ్‌లో, బార్బడోస్‌లో. మీ కన్సల్టెన్సీ వాళ్ల లిస్టులో దాని పేరు ఉందేమో ఒకసారి చూడండి.

డబ్బు విషయం ఒక్కమాటలో చెప్తాను. పెద్ద కాలేజీల్లో ట్యూషన్ ఒక్కటే రెండు లక్షల డాలర్లు దాటుతుంది, అంటే కోటీ డెబ్బై లక్షల పైమాటే. అద్దె, తిండి, విమానాలు, స్టెప్ పరీక్షలు, ఇంటర్వ్యూలకు తిరగడం వేరు. మీ రెండెకరాలకు ఎంతొస్తుందో మీకే బాగా తెలుసు.

జార్జియాతో పోల్చమన్నారు. ఆరేళ్లు ఒకే దేశంలో, ఇంగ్లీషులో, ఫీజు ఏడాదికి ఐదారు వేల డాలర్ల నుంచి. ఎన్‌ఎంసీ నిబంధనలకు సరిపోయే కాలేజీ వెతుక్కుంటే దొరుకుతుంది. కానీ తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈ (విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు ఇక్కడ లైసెన్సు కోసం పాసవ్వాల్సిన పరీక్ష) రాయాలి, ఈ మధ్య ఆ పరీక్షలో విదేశాల నుంచి వచ్చినవాళ్లందరినీ కలిపి చూస్తే ముగ్గురిలో ఒకరు కూడా పాసవ్వడం లేదు. రెంటిలో ఒకటి ఎంచుకోక తప్పదంటే జార్జియానే అంటాను, కనీసం ఇంటికి దారి ఉంటుంది. కానీ తప్పదని మీకెవరు చెప్పారు?

కోప్పడుతున్నాననుకోకండి, కొంచెం కోపంగానే ఉంది. మీ ఉత్తరంలో ఆడపడుచు ఏమన్నారో ఉంది, మీవారు ఏం అమ్ముతారో ఉంది, కన్సల్టెన్సీ వాళ్ల మాట ఉంది. మీ అమ్మాయి ఏమంటుందో ఒక్క ముక్క లేదు. రేపు అర్ధరాత్రి అనాటమీ పుస్తకం ముందు కూర్చునేది మీ ఆడపడుచు కాదు కదా. చుట్టాల్లో ఎవరో డాక్టరయ్యారని మనింట్లోనూ ఒకరు అవ్వాలన్న పట్టుదలతో పొలాలు అమ్మి పంపేవాళ్లను చూస్తూనే ఉన్నాను. పిల్లలు ఆ ఎకరాల బరువు మోస్తూ చదువుతారు, ఫెయిలైనా ఇంటికి చెప్పరు. అక్కడ హాస్టల్ గదిలో కూర్చుని, క్లాసుకి వెళ్లొచ్చానమ్మా అని ఫోన్లో చెప్తారు. మీరు భయపడాల్సింది అన్నం గురించి కాదు, ఆ ఫోన్ గురించి.

ఇంతా చెప్పి మిమ్మల్ని టెన్షన్ పెట్టడం నా ఉద్దేశం కాదు. పద్దెనిమిదేళ్లకు సీటు రాకపోతే కొంపేం మునగదు. ఒక సంవత్సరం లాంగ్ టర్మ్ తీసుకుని వచ్చే ఏడాది కన్వీనర్ సీటు తెచ్చుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మళ్లీ రాయలేనంటే, ఫిజియోథెరపీ, అనస్థీషియా టెక్నాలజీ, బీఎస్సీ నర్సింగ్, అన్నీ ఆస్పత్రి పనులే, అన్నిటికీ గౌరవం ఉంది, విదేశాలకు దారులూ ఉన్నాయి. ఇంట్లో అందరి ఆశా అమెరికా మీదే అయితే, ఇక్కడ ఎంబీబీఎస్ పూర్తి చేసి యూఎస్ఎంఎల్ఈ రాసి వెళ్లే తెలుగు పిల్లలు ప్రతి ఏటా ఉన్నారు. వాళ్లూ ఆ 58 మంది వరసలోవాళ్లే, కాకపోతే మ్యాచ్ కాకపోయినా వాళ్ల చేతిలో ఇండియాలో చెల్లే డిగ్రీ ఉంటుంది. ఆడపడుచు గారికి ఇదే చెప్పండి, నొచ్చుకోరు.

అడ్వాన్స్ ఇంకా కట్టలేదు కదా? కట్టేముందు కన్సల్టెన్సీ వాళ్లను లెటర్‌హెడ్ మీద మూడు సంగతులు రాసిమ్మనండి: 54 నెలలూ, ఇంటర్న్‌షిప్పూ ఏ దేశంలో, ఏ ఆస్పత్రిలో అని, అక్కడి పౌరులతో సమానంగా ఆ దేశంలో ప్రాక్టీస్ చేసే లైసెన్సు వస్తుందా అని, మొదటి ఏడాదిలో పిల్ల మానేస్తే ఎంత తిరిగిస్తారని. రాసిస్తే ఫొటో తీసి నాకు పంపండి, చూసి చెప్తాను. నోటిమాటగా భరోసా ఇస్తామంటే లేచి వచ్చేయండి. ఇంకా, మీ అమ్మాయిని నాకు విడిగా ఒక మెయిల్ రాయమనండి. ఏం రాయాలో మీరు చెప్పొద్దు, రాశాక చదవనూ వద్దు.